తాడు ఆగదు... తలుపు తెరుచుకుంటుంది

కొల్లేరు చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లకు కొండ అంటే సెలవు రోజున చూసొచ్చేది. ఏలూరు నుంచి కైకలూరు మీదుగా ఆకివీడు దాకా, ఇటు తాడేపల్లిగూడెం దాకా నేలంతా బల్లపరుపు. చేపల చెరువు గట్టే మనకు ఎత్తు. ద్వారకా తిరుమల గుట్ట పైదాకా బండ్లు పోతాయి. కామవరపుకోట దాటి గుంటుపల్లి గుహలకు వెళ్తే మెట్లు కాస్త ఆయాసం తెప్పిస్తాయి, అంతే. అందుకే మన వైపు నుంచి శ్రీశైలం వెళ్లొచ్చే బస్సుల్లో మల్లన్న దర్శనం తర్వాత ఎక్కువ కబుర్లు నడిచేది పాతాళగంగ రోప్‌వే గురించే. ఎక్కి వచ్చినవాళ్లను అడిగి చూడండి. లోయ గురించి చెబుతారు, కింద కృష్ణమ్మ గురించి చెబుతారు, గాలికి క్యాబిన్ ఊగినప్పుడు ఎవరు కెవ్వుమన్నారో చెబుతారు. ఎక్కిన చోటు గురించి మాత్రం ఒక్కరూ చెప్పరు.

ఎక్కడం అరనిమిషంలో అయిపోతుంది కాబట్టి గుర్తుండదు. కానీ రోప్‌వే అనే యంత్రంలో అసలు చిక్కుముడి ఉన్నది ఆ అరనిమిషంలోనే. గాలిలో వేలాడుతున్నంతసేపూ క్యాబిన్ చేసే పనేమీ లేదు, తాడు లాగిన వైపు పోవడమే. స్టేషన్లోకి వచ్చేసరికి మాత్రం పరుగులో ఉన్న పెట్టెలోకి నడక కూడా సరిగా రాని మనిషిని ఎక్కించాలి. ఎలా ఎక్కిస్తారన్నదాన్ని బట్టే రోప్‌వేలలో రకాలు ఏర్పడ్డాయి. ఖర్చు, గంటకు ఎంతమంది, ముసలివాళ్లకు పనికొస్తుందా లేదా, అన్నీ ఆ గడప దగ్గరే తేలిపోతాయి.

పాతాళగంగ గట్టు మీద

శ్రీశైలంలో పై స్టేషన్ ప్లాట్‌ఫాం మీద నిలబడి చూస్తే క్యాబిన్లు ఒక్కొక్కటిగా రావు. ఒకదాని వెనుక ఒకటి, గుంపుగా వస్తాయి. తాడు వేగం తగ్గుతుంది, మెల్లగా పాకుతుంది, ఆగుతుంది. సిబ్బంది బయటి నుంచి గడియ తీస్తారు. లోపలివాళ్లు దిగీ దిగకముందే బయటివాళ్లు తోసుకొస్తారు. "మామ్మగారూ, చెయ్యివ్వండి, తల కాస్త వంచండి" అని మన గోదావరి జిల్లాల మనవడు అంటుంటే, "పెద్దమ్మా, నడిమధ్యన కూర్చో, ఊగొద్దు" అని అక్కడి కుర్రాడు గడియ పెట్టేస్తాడు. గుంపులో ఉన్న అన్ని క్యాబిన్ల తలుపులూ పడ్డాక తాడు మళ్లీ కదులుతుంది. విశాఖలో కైలాసగిరి మీదా ఇదే పద్ధతి. మన దేశంలో గుడి కొండల మీద వేసిన చిన్న రోప్‌వేలలో చాలావాటిది ఇదే దారి.

ఈ పద్ధతిలో క్యాబిన్‌ను తాడుకు బిగించేస్తారు. నడిచేటప్పుడు ఆ బిగింపు ఊడదు. తాడు పరిగెత్తితే క్యాబిన్ పరిగెత్తుతుంది, తాడు ఆగితే క్యాబిన్ ఆగుతుంది. అంటే ఒక గుంపులోకి మనుషులు ఎక్కాలంటే తాడు మొత్తాన్నీ ఆపాలి. దారి పొడవునా రెండే గుంపులుంటే బాధ లేదు. ఒకటి పైన ఆగినప్పుడు రెండోది కింద ఆగుతుంది, రెండు చోట్లా ఎక్కడం దిగడం ఒకేసారి అయిపోతుంది. నాలుగు గుంపులుంటేనే తమాషా. రెండు స్టేషన్లలో ఉన్నప్పుడు మిగతా రెండూ నడిమి గాలిలో నిలబడిపోతాయి. కొత్తగా ఎక్కినవాళ్ల గుండె అప్పుడే జారుతుంది. కరెంటు పోయిందనుకుంటారు, తాడు తెగబోతోందనుకుంటారు, మొక్కులు కూడా మొక్కేస్తారు. నిజానికి ఎక్కడో కింద ఎవరో ఒక తాత చెప్పు జారిపోతే వెతుక్కుంటున్నాడు, అంతే సంగతి.

ఇందులో సుఖం ఉంది. యంత్రం చిన్నది, ఖర్చు తక్కువ, మనిషి ఎక్కేటప్పుడు పెట్టె పూర్తిగా ఆగుతుంది. కష్టమూ ఉంది. ఆగిన ప్రతిసారీ కాలం పోతుంది. దారి పొడవు పెరిగేకొద్దీ, జనం పెరిగేకొద్దీ ఆ నష్టం కొండంతవుతుంది. పైగా పట్టు ఎప్పుడూ తాడు మీద ఒకే చోట బిగిసి ఉంటే అక్కడి తీగలు నలుగుతాయి. అందుకని కొంతకాలానికోసారి పట్టు విప్పి, కాస్త జరిపి, మళ్లీ బిగిస్తారు. ప్రయాణికులు లేని వేళల్లో జరిగే ఈ పని ఎవరి ఫొటోల్లోకీ రాదు.

కొసలు లేని తాడు

ఇక్కడ తాడు గురించి రెండు మాటలు చెప్పాలి. రెండు చివర్లలో రెండు పెద్ద చక్రాలు. వాటి చుట్టూ ఒకే ఒక్క ఉక్కు తాడు, కొసలు లేకుండా తిరుగుతుంటుంది. ఒక చక్రాన్ని మోటారు తిప్పుతుంది, రెండో చక్రం తాడును బిగువుగా లాగి పట్టుకుంటుంది. పాత రోజుల్లో ఆ బిగువు కోసం గోతిలో పెద్ద కాంక్రీటు దిమ్మలు వేలాడదీసేవారు, ఇప్పుడు హైడ్రాలిక్ సిలిండర్లు ఆ పని చేస్తున్నాయి.

కొసలు లేని తాడు ఫ్యాక్టరీ నుంచి రాదు. కొసలతోనే వస్తుంది. కొండ దగ్గరే రెండు కొసలనూ కలిపి అల్లుతారు. ముడి వేస్తే చక్రం మీద ఎక్కదు కాబట్టి, ఆరు పాయల తాడులో ఒక్కో పాయను విప్పి, ఎదుటి కొస పాయను దాని స్థానంలో పడుకోబెట్టి, చివర్లను నడిమి పోగు తీసిన ఖాళీలోకి దూరుస్తారు. అతుకు పొడవు తాడు మందానికి కనీసం 1200 రెట్లు ఉండాలని యూరప్ నియమం. నలభై మిల్లీమీటర్ల తాడైతే 48 మీటర్ల అతుకు! పని బాగా కుదిరితే అతుకు ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో మామూలు కంటికి దొరకదు. కంప్యూటర్లు ఇన్ని వచ్చాక కూడా ఈ అల్లిక మనుషులు చేతులతో చేయాల్సిందే.

ఆ తాడుకు కొసలు లేకపోవడం వల్లే స్టేషన్ చిక్కు పుట్టింది. మన నీళ్ల దారుల్లో ఈ చిక్కు ఎప్పుడూ లేదు. నరసాపురం రేవులో పంటు వచ్చి ఆగితే సఖినేటిపల్లి రేవులో ఎవరి పనీ ఆగదు. లారీ ఎక్కేదాకా, మోటార్‌సైకిళ్లు సర్దుకునేదాకా, కొబ్బరి బుట్టలు దించేదాకా అది రేవును పట్టుకుని ఉంటుంది. విజ్జేశ్వరం లాకుల్లో పడవ ఆగినా అంతే. లోపల నీటిమట్టం పెరిగేదాకా అది నిలబడితే ఏలూరు కాలువలో ఇంకో పడవ తన దారిన తాను పోయేది. పడవలన్నిటినీ ఒకే గొలుసుకు కట్టి, ఒకటి రేవులో ఆగితే అన్నీ ఆగాలంటే మన తాతలు ఆ సరంగును కాలువలో ముంచేవాళ్లు. రోప్‌వేలో సరిగ్గా అదే పరిస్థితి.

పోటీ లేని జంట

దీనికి అన్నిటికంటే పాత పరిష్కారం రెండే రెండు పెట్టెలు. ఒకటి పైకి పోతుంటే రెండోది కిందికి వస్తుంది, దారి మధ్యలో ఎదురుపడతాయి, రెండూ ఒకేసారి చేరతాయి, తాడు ఆగుతుంది, తీరిగ్గా ఎక్కుతారు. ఒకదాని బరువు రెండోదాన్ని లాగడంలో సాయం చేస్తుంది కాబట్టి మోటారుకూ శ్రమ తక్కువ. ఉత్తరాఖండ్‌లోని ఔలీకి మంచు చూడ్డానికి వెళ్లిన మనవాళ్లు 2023లో అది మూతపడేదాకా ఎక్కింది ఈ రకమే. అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరం 2007లో నది ఒడ్డు నుంచి కొండ మీది వైద్య విశ్వవిద్యాలయానికి ఇలాంటి రెండు పెద్ద పెట్టెల ట్రామ్ వేసుకుంది. చిప్పుల కంపెనీల్లో పనిచేస్తూ హిల్స్‌బరో వైపు స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను ముందుగా చూపించే వాటిలో అదొకటి. గాలిలో వేలాడకపోయినా, తాడు లాగితే కొండవాలు మీద పట్టాల వెంట పోయే బండి మన ఇంట్లోనే ఉంది. ఆంధ్ర, ఒడిశా ఉమ్మడి మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో సిబ్బంది లోయలోకి దిగే వించ్ గురించి విద్యుత్ శాఖలో చేసినవాళ్లెవరినైనా అడగండి, కథలు కథలుగా చెబుతారు.

రెండు పెట్టెలతో పని సుఖమే గానీ జనం వేలల్లో వస్తే చాలదు. పెట్టె వెళ్లిపోతే అది తిరిగొచ్చేదాకా క్యూ కదలదు. దారి రెట్టింపైతే ఎదురుచూపూ రెట్టింపే.

అరటి గెలల నుంచి మనుషుల దాకా

తాడును అసలు ఆపకుండా మనిషిని ఎక్కించవచ్చా అని 1936లో అమెరికాలో ఒకాయన ఆలోచించాడు. పేరు జిమ్ కరన్, యూనియన్ పసిఫిక్ రైల్వేలో ఇంజినీరు. అంతకుముందు ఉష్ణమండల రేవుల్లో అరటి గెలలను కొక్కేలకు తగిలించి ఓడల్లోకి చేరవేసే యంత్రాలతో పనిచేశాడు. కొక్కెం ఆగదు, గెల దానికి తగులుకుని పోతుంది. రావులపాలెం మార్కెట్లో గెలలు భుజాల మీద లారీలెక్కడం చూసినవాళ్లకు ఈ ఊహ గొప్పదనం చప్పున తెలుస్తుంది. గెల స్థానంలో మనిషిని, కొక్కెం స్థానంలో కుర్చీని పెడితే? అదే ఐడహో రాష్ట్రంలోని సన్ వ్యాలీలో వచ్చిన ప్రపంచపు తొలి కుర్చీ రోప్‌వే.

గెలకు నొప్పి తెలియదు, మనిషికి తెలుస్తుంది. కుర్చీ ఎంత వేగంగా వచ్చి వెనక నుంచి మోకాళ్లకు తగిలితే మనిషి తట్టుకుంటాడో కనుక్కోవడానికి ఒమాహా రైల్వే యార్డులో ఒక ట్రక్కు పక్కన కుర్చీ బిగించారు. వేసవి కాలం, మంచు లేదు. స్కీలు వేసుకున్న మనిషిని నేల మీద గడ్డి పరిచి నిలబెట్టారు, జారలేదు. నూనె పోశారు, కుదరలేదు. చివరికి కాళ్లకు చక్రాల బూట్లు తొడిగించి, ట్రక్కును వెనక నుంచి రానిచ్చి, కుర్చీ అతన్ని ఎత్తుకునేలా చేశారు. మళ్లీ మళ్లీ చేశాక గంటకు నాలుగైదు మైళ్ల వేగం దగ్గర పర్వాలేదని తేల్చారు. మనిషి చురుగ్గా నడిచే వేగానికి కాస్త ఎక్కువ, అంతే. అంటే పొట్టి దారి సంగతి ఎలా ఉన్నా, కిలోమీటర్ల కొద్దీ ఉన్న కొండకు ఆ వేగంతో పోతే మధ్యాహ్నం భోజనం గాలిలోనే చేయాలి. దారిలో వేగం కావాలి, గడప దగ్గర నెమ్మది కావాలి, తాడుకేమో ఒకటే వేగం.

తాడును వదిలేసే క్షణం

ఈ మూడింటినీ కలిపింది 'వదిలి పట్టుకునే' పట్టు. సరుకు మోసే రోప్‌వేలలో జర్మన్లు పంతొమ్మిదో శతాబ్దంలోనే ఇలాంటివి వాడారు. ఫ్రాన్స్‌లో జాన్ పొమగాల్‌స్కీ 1930లలో మంచు మీద జారేవాళ్లను లాక్కెళ్లే తాళ్లకు తెచ్చాడు. ఇవాళ గుల్‌మార్గ్‌లో, గిర్నార్‌లో, మలేసియా గెంటింగ్‌లో, మనవాళ్లు ఇప్పుడు తెగ వెళ్తున్న వియత్నాం బానా హిల్స్‌లో క్యాబిన్ ఎక్కితే మీరు ఎక్కేది ఈ రకమే.

స్టేషన్ చూరు కింద నిలబడి, లోయ వైపు చూడ్డం మానేసి, తల ఎత్తి క్యాబిన్ పైభాగాన్ని చూడండి. సెకనుకు ఐదారు మీటర్ల వేగంతో, అంటే గంటకు సుమారు ఇరవై కిలోమీటర్లతో క్యాబిన్ లోపలికి దూసుకొస్తుంది. దాని కాడ మీద చిన్న చక్రాలుంటాయి. అవి ముందుగా స్టేషన్ పట్టా మీదికి ఎక్కుతాయి. ఇప్పుడు క్యాబిన్ బరువు పట్టా మీద పడింది. మరుక్షణం పట్టుకు ఉన్న మీట ఒక వంపు కడ్డీ కిందికి దూరుతుంది. కడ్డీ మీటను నొక్కుతుంది, లోపలి బలమైన స్ప్రింగు ముడుచుకుంటుంది, దవడలు తెరుచుకుంటాయి. తాడు వాటి మధ్య నుంచి తప్పుకుని, తన వేగాన తాను పెద్ద చక్రం వైపు వెళ్లిపోతుంది. క్యాబిన్ ఇప్పుడు తాడుకు ఏమీ కాదు. లోపల కూర్చున్న మనకు చిన్న 'టక్' మన్న చప్పుడు తప్ప ఏమీ తెలియదు.

ఆ తర్వాతి పని టైర్లది. నిజంగానే గాలి నింపిన రబ్బరు టైర్లు, పాతిక ముప్పై దాకా, వరసగా పైన బిగించి ఉంటాయి. క్యాబిన్ కాడ పైనున్న పలకను ఒక్కో టైరూ తాకి, తన వేగానికి తెచ్చి, పక్కదానికి అప్పగిస్తుంది. మొదటి టైరు తాడుతో సమానంగా తిరుగుతుంది, రెండోది కొంచెం తక్కువ, మూడోది ఇంకాస్త తక్కువ. పదిహేను మీటర్లు గడిచేసరికి సెకనుకు ఐదారు మీటర్ల వేగం ముప్పై సెంటీమీటర్లకు పడిపోతుంది. బ్రేకు వేసిన కుదుపు ఉండదు. తల మీద ఇంకో కడ్డీ తలుపు మీటను తోస్తుంది, తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. అక్కడి నుంచి అర్ధచంద్రంగా పట్టా తిరుగుతుంది. ఆ వంపులో క్యాబిన్ పాకుతున్నంతసేపూ దిగేవాళ్లు దిగుతారు, ఎక్కేవాళ్లు ఎక్కుతారు. వంపు దాటగానే తలుపులు మూసుకుంటాయి, మరో వరస టైర్లు ఈసారి వేగం పెంచుకుంటూ పోతాయి, తాడు వేగానికి సరిగ్గా సమానమైన చోట మీట కడ్డీ కింది నుంచి బయటపడుతుంది, దవడలు తాడును కరుస్తాయి. మీరు కొండకేసి ఎగిరిపోతారు.

నాకు ఇందులో అన్నిటికంటే నచ్చేది టైర్లను తిప్పేది ఎవరన్న సంగతి. వాటికి విడిగా మోటారు పెట్టి, కంప్యూటరుతో వేగం సరిచూడవచ్చు. చాలాచోట్ల అలా చేయరు. పరిగెత్తే తాడు కిందే కప్పీలుంటాయి, తాడే వాటిని తిప్పుతుంది, అక్కడి నుంచి బెల్టులు టైరు నుంచి టైరుకు శక్తిని అందిస్తాయి. బెల్టు చక్రాల సైజుల్లో తేడాతోనే ఒక టైరుకూ పక్క టైరుకూ వేగం తేడా వస్తుంది. దాంతో గాలి ఎక్కువై తాడు వేగం సగానికి తగ్గించారనుకోండి, టైర్ల వేగమూ దానంతటదే సగమవుతుంది. పట్టు తాడును కరిచే చోట రెండు వేగాలూ ఎప్పుడూ సమానమే. వేగం తేడాతో కరిస్తే దవడ తాడు మీద జారి తీగలు చెక్కేస్తుంది. ఆ ప్రమాదాన్ని లెక్కలతో కాకుండా అమరికతోనే తప్పించిన బుర్రకు దండం పెట్టాలి.

పట్టు బిగువుకు కరెంటు అక్కర్లేదన్నది రెండో విశేషం. దవడలను మూసి ఉంచేది స్ప్రింగు. తెరవడానికే బలం కావాలి, ఆ బలం స్టేషన్లో తప్ప ఎక్కడా లేదు. లోయ మీద కరెంటు పోతే తాడు ఆగుతుందే తప్ప పట్టు వదలదు. ఆగిన తాడును మెల్లగా తిప్పి అందర్నీ ఒడ్డుకు చేర్చడానికి డీజిల్ ఇంజిను వేరే సిద్ధంగా ఉంటుంది. స్టేషన్ దాటే ప్రతి క్యాబిన్ దగ్గరా స్ప్రింగు ఎంత బలంగా నొక్కుతోందో ఒక సెన్సరు కొలుస్తుంది. కాస్త తగ్గినా, దవడ సరిగ్గా కూర్చోకపోయినా, తలుపు పూర్తిగా పడకపోయినా మొత్తం లైను ఆగిపోతుంది.

లెక్క చూస్తే

గిర్నార్ తీసుకుందాం. పిఠాపురం శ్రీపాద శ్రీవల్లభుల భక్తులు, దత్త సంప్రదాయం వాళ్లు మన జిల్లాల నుంచి గుజరాత్‌లోని ఆ కొండకు ఎప్పటి నుంచో వెళ్తున్నారు. దాదాపు పదివేల మెట్లు. 2020 అక్టోబరు 24న అక్కడ రోప్‌వే మొదలైంది. పొడవు సుమారు 2.3 కిలోమీటర్లు, అంబాజీ గుడి దాకా తీసుకెళ్తుంది. దత్త పాదుకల దాకా వెళ్లాలంటే అక్కడి నుంచి మళ్లీ మెట్లే. క్యాబిన్‌కు ఎనిమిది మంది, గంటకు 800 మంది అని లెక్క. అంటే గంటకు వంద క్యాబిన్లు, 36 సెకన్లకు ఒకటి. తాడు ఒక్కసారి కూడా ఆగక్కర్లేదు.

బొలీవియా ప్రభుత్వం కొలువున్న లా పాజ్‌లో 2014 నుంచి రోప్‌వేలే సిటీ బస్సులు. అక్కడ పది మంది పట్టే క్యాబిన్ 12 సెకన్లకు ఒకటి వస్తుంది, ఒక్కో వైపు గంటకు 3,000 మంది. సెకనుకు ఐదు మీటర్ల వేగంలో 12 సెకన్లంటే రెండు క్యాబిన్ల మధ్య 60 మీటర్లు, గాలిలో విశాలంగా ఉంటాయి. అదే స్టేషన్లోకి వచ్చి సెకనుకు ముప్పై సెంటీమీటర్లకు పడ్డాక ఆ 60 మీటర్లు మూడున్నర మీటర్లవుతుంది. క్యాబిన్ వెడల్పే రెండు మీటర్లుంటుంది. అంటే వంపులో రెండింటి మధ్య మిగిలే ఖాళీ ఒక క్యాబిన్ వెడల్పంత కూడా ఉండదు. ఏ క్యాబిన్ అయినా వెనకబడితే ముందే పట్టేసే సెన్సర్లు పట్టా పొడవునా ఉంటాయి. ఇంకా నెమ్మదిగా నడపాలంటే స్టేషన్లో చోటు చాలదు, క్యాబిన్లు గుద్దుకుంటాయి. ఎక్కించే నెమ్మదికీ, మోసే జనానికీ మధ్య బేరం ఇదే.

మన జనం ఈ బేరాన్ని పెద్ద ఎత్తున చూడబోయేది కాశీలో. కాశీ కంటోన్మెంట్ రైల్వే స్టేషన్ నుంచి గోదౌలియా దాకా నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరం, ఐదు స్టేషన్లతో పట్టణ రోప్‌వేకి 2023 మార్చి 24న శంకుస్థాపన చేశారు. రైలు దిగి, ఇరుకు సందుల్లో రిక్షా బేరాలాడి సత్రం చేరిన అనుభవం లేని తెలుగు కుటుంబం తక్కువ. ఇక్కడ మధ్య స్టేషన్లలో క్యాబిన్ చుట్టూ తిరగదు. తాడును వదిలి, నెమ్మదించి, తలుపు తెరిచి, మళ్లీ ముందుకే పోతుంది. ప్రపంచంలో కొన్ని రోప్‌వేలలో దారి మలుపు తిరిగే స్టేషన్ దగ్గర ఒక తాడును వదిలిన క్యాబిన్ అవతల వేరే తాడును పట్టుకుంటుంది కూడా. లోపలివాళ్లు కబుర్లలోనే ఉంటారు.

తెల్లవారుజాము పని

ఈ రకం రోప్‌వేలో ఇంకో వెసులుబాటు ఉంది. రాత్రి క్యాబిన్లన్నిటినీ తాడు మీంచి దించి, పక్క పట్టాల మీద షెడ్లో పెట్టేయవచ్చు. తాడు ఒక్కటే లోయ మీద ఖాళీగా ఉంటుంది. పొద్దున్నే ఒక్కొక్కటిగా లెక్క ప్రకారం లైన్లోకి వదులుతారు. గాలివాన వస్తుందంటే ముందే వెనక్కి లాగేస్తారు. జనం తక్కువున్న రోజున సగమే వదులుతారు. మరమ్మతుకు కావలసినదాన్ని తీసి బల్ల మీద పెట్టి చూడొచ్చు. తాడుకు బిగించిన రకంలో క్యాబిన్‌కు ఈ విశ్రాంతి లేదు, ఎండా వానా అన్నీ వేలాడుతూనే భరించాలి. కైలాసగిరి లాంటి చోట సముద్రపు ఉప్పుగాలి కూడా.

యంత్రం ఎంత తెలివైనదైనా దాన్ని మాట్లాడనిచ్చేది మనుషులే. 2021 మే 23న ఇటలీలోని మొట్టరోనే కొండ మీద, పై స్టేషన్‌కు చేరబోతుండగా లాగే తాడు తెగి క్యాబిన్ వెనక్కి దూసుకుపోయింది. 14 మంది చనిపోయారు. అలాంటప్పుడు పట్టేసుకోవాల్సిన అత్యవసర బ్రేకు ఉంది. కానీ అది ఊరికే పడుతూ సర్వీసును ఆపేస్తోందని దాన్ని తెరిచి ఉంచే ఇనుప బిగింపులు పెట్టి నడిపారు. విసిగించే సెన్సరును నోరు మూయించడం ఎంత తేలికో, ఏ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లకైనా తెలుసు. మరుసటి ఏడాది ఏప్రిల్ 10న, శ్రీరామనవమి నాడు, జార్ఖండ్ దేవ్‌ఘర్ దగ్గర త్రికూట పర్వతం రోప్‌వేలో ప్రమాదం జరిగి జనం రాత్రంతా గాలిలో చిక్కుకుపోయారు. వాయుసేన హెలికాప్టర్లు దిగాల్సి వచ్చింది, ప్రాణాలూ పోయాయి.

కేంద్రం 'పర్వతమాల' పథకం ప్రకటించాక మన రెండు రాష్ట్రాల్లోనూ ఏ గుట్ట చూసినా రోప్‌వే ప్రతిపాదన వినిపిస్తోంది. వార్తల్లో పొడవు రాస్తారు, కోట్లు రాస్తారు, గుడికి ఎన్ని నిమిషాల్లో చేరతామో రాస్తారు. పెట్టె ఆగుతుందా, పాకుతుందా, గుంపుగా వస్తుందా అన్నది ఎవరూ రాయరు. కొండ గుళ్లకు వెళ్లే బస్సుల్లో సగం మంది మోకాళ్ల నొప్పులవాళ్లు. వాళ్ల కోసమే అని చెప్పి వేసే రోప్‌వేలో మొదట అడగాల్సింది గడప గురించే. పండగ రోజు వేల మంది వచ్చే కొండకు చవక అని గుంపు పద్ధతి పెడితే మెట్ల మీద కంటే క్యూలోనే ఎక్కువసేపు నిలబడాలి. రోజుకు నాలుగొందల మంది వచ్చే చిన్న గుట్టకు తాడును వదిలి పట్టుకునే ఖరీదైన యంత్రం పెడితే, మూడేళ్లకు విడిభాగాలకు డబ్బుల్లేక మూలన పడుతుంది. ఏ కొండకు ఏది నప్పుతుందో లెక్కవేసేవాళ్లు దూరంలో లేరు. తాడేపల్లిగూడెంలో ఎన్‌ఐటీ ఉంది, 2015లో పుట్టింది. చుట్టూ ఒక్క కొండ కూడా లేని ఊరే గానీ, ఒక స్టేషన్ ఎంతమందిని ఎంత వేగంతో ఎక్కించగలదన్న లెక్కకు కొండ అవసరం లేదు.

కొల్లేటి మీద కూడా తాడు వేసి పక్షుల్ని చూపిస్తే బాగుంటుందనే ఉత్సాహవంతులు మనలో లేకపోలేదు. నాకు ఆ ముచ్చట లేదు. ఐదో కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ జాబితాలో ఉన్న సరస్సు. ఆటపాక గూడబాతులు బరువైన పక్షులు, ఎదురుగా తీగ వస్తే చప్పున మళ్లలేవు. బురదలో టవరు నిలబెట్టడానికి పెట్టే ఖర్చుతో లంక గ్రామాలకు నాలుగు మంచి రేవులు కట్టొచ్చు. పెద్దింట్లమ్మ జాతరకు కొల్లేటికోట చేరాలంటే నీళ్ల దారి తిప్పలు ఇంకా మిగిలే ఉన్నాయి. అక్కడ కావలసింది తాడు కాదు.

ఇక ఎక్కేవాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటి. గుంపు పద్ధతిలో పెట్టె పూర్తిగా ఆగాకే కదలండి. పాకే క్యాబిన్ దగ్గర మాత్రం నిలబడిపోకూడదు. అది వెళ్తున్న వైపే దాని పక్కన రెండడుగులు నడిచి, ముందు కాలు లోపల పెట్టి, లాగినట్టు కాకుండా అడుగు వేసినట్టు ఎక్కాలి. తలుపు పట్టుకుని ఆపబోతే సెన్సరు లైను మొత్తాన్నీ ఆపేస్తుంది. చక్రాల కుర్చీ, చేతికర్ర, చంటిబిడ్డ ఉంటే ముందే ఆపరేటరుకు చెప్పండి. అతని దగ్గర వేగం తగ్గించే బటన్ ఉంది, కావాలంటే పూర్తిగా ఆపుతాడు. అప్పుడు లోయ మీద ఉన్నవాళ్లంతా కాసేపు మెల్లగా పోతారు. గొణుక్కుంటే గొణుక్కోనివ్వండి, మామ్మగారు కూర్చునేదాకా.